వాటర్‌మెథ్ ఇంజెక్షన్: మూడో ల్యాప్‌కే బండి నీరసపడిపోతోంది, కిట్ పెట్టించాలా?

మూడోల్యాప్ | ఏప్రిల్ 11, రాత్రి 10.42

అందరికీ నమస్కారం. నేనుండేది కొంపల్లి. బండి 2 లీటర్ల టర్బో పెట్రోల్, స్టేజ్ 2 ట్యూన్ (పవర్ కోసం ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించాను). టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెద్దది వేయించి ఏడాదిన్నర అయింది.

పోయిన ఆదివారం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లాను. మధ్యాహ్నం ఎండ 39 డిగ్రీలు. మొదటి ల్యాప్ బంగారంలా లాగింది. రెండోది పర్లేదు. మూడో ల్యాప్‌లో స్ట్రెయిట్ మీద యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కినా బండి బద్ధకంగా ఎత్తుకుంది.

లాగ్ తీసి చూశాను. ఇంజన్‌లోకి వెళ్లే గాలి మొదటి ల్యాప్‌లో 51 డిగ్రీలు, మూడో ల్యాప్ చివరికి 74. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) నాకింగ్, అంటే లోపల మిశ్రమం తనంతట తాను పేలడం, పసిగట్టి టైమింగ్‌ని (ప్లగ్ నిప్పు వేసే క్షణాన్ని) రెండో సిలిండర్‌లో 5 డిగ్రీలు, మూడో సిలిండర్‌లో 6 డిగ్రీలు వెనక్కి లాగేసింది.

ఒక షాపులో అడిగితే వాటర్‌మెథ్ కిట్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిలోకి నీళ్లు, మిథనాల్ స్ప్రే చేసేది) పెట్టేద్దాం, నీళ్లు సగం, మిథనాల్ సగం, ట్యూన్ పెంచితే ఇంకో 40 హార్స్‌పవర్ ఖాయం అన్నారు. నాకు హార్స్‌పవర్ అక్కర్లేదు. ఉన్న పవర్ ఎనిమిది పది ల్యాపులు నిలబడితే చాలు. వాడినవాళ్లు ఉంటే చెప్పండి.

బెజవాడ_బూస్ట్ | ఏప్రిల్ 11, రాత్రి 10.58

పెట్టించెయ్ అన్నా, ఆలోచించకు! యూట్యూబ్‌లో చూశా, గాలి ఐస్ అయిపోతుంది. 40 కాదు, 60 వస్తుంది.

మౌలాలి_మెకానిక్ | ఏప్రిల్ 11, రాత్రి 11.31

తమ్మీ, కిట్ ముచ్చట తర్వాత. ముందుగాల బంపర్ ఇప్పి ఇంటర్‌కూలర్ చూసినవా? ఏడాదిన్నర అయిందంటున్నవు. ఫిన్నులల్ల పురుగులు, మట్టి, ప్లాస్టిక్ కవర్ల ముక్కలు ఇరుక్కొని ఉంటయ్. బంపర్‌కు ఇంటర్‌కూలర్‌కు నడుమ డక్ట్ ఉందా లేదా? పెద్ద ఇంటర్‌కూలర్ ఏసేటప్పుడు చానా మంది కంపెనీ డక్ట్ పడదని తీసి పారేస్తరు. సందు దొరికితే గాలి పక్కకెల్లి జారిపోతది, కూలర్ లోపట్నుంచి పోదు. అట్లయితే ఎంత పెద్ద కూలర్ ఏసినా ఉత్తదే.

బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) లీక్ టెస్ట్ కూడా చేయించు. ఏడనన్నా హోస్ లీకైతే టర్బో ఎక్కువ తిరిగి గాలిని ఇంకా కాలుస్తది.

లెక్కల_మాస్టారు | ఏప్రిల్ 12, ఉదయం 6.15

మౌలాలి భాయ్ చెప్పింది ముందు చెయ్యండి. దాంతోపాటు ఈ నీళ్లు అసలేం చేస్తాయో కాస్త లెక్క వేసుకుంటే షాపువాళ్ల మాటల్లో ఏది నిజమో మీకే తెలుస్తుంది.

బయట గాలి 40 డిగ్రీలు, బూస్ట్ 1 బార్ అనుకుందాం. గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే వేడెక్కడం ప్రకృతి ధర్మం. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే టర్బో నుంచి బయటికొచ్చే గాలి 138 డిగ్రీల దాకా ఉంటుంది. ఇంటర్‌కూలర్ దాన్ని 50, 60కి దించాలి. ల్యాపు మీద ల్యాపు కొడుతుంటే ఆ అల్యూమినియం ముద్ద వేడి పీల్చుకుని పీల్చుకుని, ఇక వదిలే సమయం దొరక్క అలాగే ఉండిపోతుంది. మీ 74 అక్కడిదే.

ఇప్పుడు నీళ్లు. కిలో నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో మిథనాల్‌కి 1,100. పెట్రోల్‌కి 350 దరిదాపు. ఆ వేడి ఎవరిస్తారు? చుట్టూ ఉన్న గాలే ఇవ్వాలి. కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఈ లెక్కతోనే.

250 హార్స్‌పవర్ ఇంజన్ నిండు థ్రాటిల్‌లో సెకనుకి 200 గ్రాముల గాలి పీలుస్తుంది, సుమారు 16 గ్రాముల పెట్రోల్ తాగుతుంది. పెట్రోల్‌లో పదో వంతు నీళ్లు కొడితే సెకనుకి 1.6 గ్రాములు. అదంతా ఆవిరైతే 3.6 కిలోవాట్ల వేడి లాగుతుంది. 200 గ్రాముల గాలిని ఒక డిగ్రీ దించడానికి సెకనుకి 200 జౌళ్లు. అంటే మొత్తం మీద 18 డిగ్రీలు. ఐస్ కాదు, 18 డిగ్రీలు. అది కూడా ప్రతి బొట్టూ దారిలోనే ఆవిరైతే.

నిజానికి అన్నీ దారిలో ఆవిరి కావు, గాలికి అంత తీరిక ఉండదు. మిగతా బొట్లు సిలిండర్‌లోకి వెళ్లి కంప్రెషన్ స్ట్రోక్‌లో ఆవిరవుతాయి. అసలు ఉపకారం అక్కడే. మంట ఇంకా చేరని మూల మిశ్రమం వేడికి తనంతట తాను పేలిపోవడమే కదా నాకింగ్? ఆ మూలని నీళ్లు చల్లగా ఉంచుతాయి. అందుకే ఇన్‌టేక్ మీటర్‌లో పెద్దగా తేడా కనపడకపోయినా నాకింగ్ తగ్గుతుంది.

మూడోల్యాప్ | ఏప్రిల్ 12, ఉదయం 9.20

మాస్టారూ, చాలా థ్యాంక్స్. ఒక సందేహం. నీళ్లే రెండింతలు వేడి లాగుతుంటే మిథనాల్ ఎందుకు కలపడం?

డాలస్_సీను | ఏప్రిల్ 12, ఉదయం 10.05

దీనికి నేను చెప్తా, ఆరేళ్లుగా వాడుతున్నాను. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి దారిలోనే త్వరగా ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. రెండోది, అది కూడా ఇంధనమే, ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) ఎక్కువ. మూడోది, మాకు జనవరిలో గడ్డకట్టే చలి వస్తుంది. ఉత్త నీళ్లు పోస్తే ట్యాంకు, పంపు రెండూ పగులుతాయి. హైదరాబాద్‌లో ఆ మూడో కారణం మీకు లేనే లేదు.

ఇక్కడ చాలామంది చలికాలం వాడే నీలం రంగు విండ్‌షీల్డ్ ఫ్లూయిడ్ పోసేస్తారు, అందులో మిథనాల్ ఉంటుంది కాబట్టి. డబ్బా వెనక చదవకుండా పోయకూడదు. కొన్నింట్లో సబ్బు, మైనం లాంటివి కలుపుతారు. మన దగ్గర దొరికే వాషర్ ఫ్లూయిడ్ అయితే అసలే వద్దు.

ఇది కొత్త విద్యేం కాదు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని టర్బో కారు వచ్చింది. 3.5 లీటర్ల వీ8, కంప్రెషన్ 10.25. ఆ రోజుల్లో ఆ కంప్రెషన్‌కి టర్బో కలిపితే నాకింగ్ ఖాయం. అందుకని కంపెనీయే నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవానికి 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అని పేరు పెట్టి, దానికో ట్యాంకు ఇచ్చింది. ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ కట్ చేసే ఏర్పాటు కూడా ఉంది. కొన్నవాళ్లు ఆ ట్యాంకు నింపడం మర్చిపోయేవారు, తర్వాత బండి లాగట్లేదని షోరూమ్‌కి తెచ్చేవారు. రెండేళ్లకే కారు ఆగిపోయింది. ఇంజనీరింగ్‌లో తప్పు లేదు. ఇంకో ట్యాంకు నింపుతూ ఉండాలనే బాధ్యత మామూలు కొనుగోలుదారుకి పట్టలేదు. ఆ బాధ్యత మీకు పడుతుందా అన్నది మీరే చూసుకోండి.

పరవాడ_సుజాత | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1.40

నేను పరవాడ ఫార్మా సిటీలో ప్రాసెస్ సేఫ్టీలో పని చేస్తున్నాను. మిథనాల్ మాకు రోజూ వాడే సాల్వెంట్. ఈ చర్చలో "సగం మిథనాల్" అన్న మాట ఇంత తేలిగ్గా దొర్లడం చూసి రాస్తున్నాను.

మిథనాల్ విషం. కల్తీ సారా తాగి చూపు పోయినవాళ్ల, చనిపోయినవాళ్ల వార్తలు చదివే ఉంటారు. చాలాసార్లు అందులో ఉన్నది ఇదే. ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని తింటుంది. 10 మిల్లీలీటర్లకే చూపు పోవచ్చు. తాగితేనే కాదు, చర్మం నుంచి, ఆవిరి నుంచి కూడా లోపలికి వెళ్తుంది. చూడ్డానికి అచ్చం నీళ్లలా ఉంటుంది. మంచినీళ్ల సీసాలో పోసి గరాజ్‌లో పెట్టినవాళ్లని చూశాను. ఇంట్లో పిల్లలు ఉంటే ఒక్కసారి ఆలోచించండి.

రెండోది మంట. మాకు ఫైర్ ట్రైనింగ్‌లో ఒకసారి ఎర్రటి ఎండలో ట్రేలో కొంచెం మిథనాల్ పోసి అంటించారు. నలభై మందిమి చుట్టూ నిలబడి చూస్తున్నాం, ఏమీ కనపడలేదు. అంటుకోలేదేమో అనుకున్నాం. ట్రే వెనకున్న గోడ మాత్రం వేసవిలో తారు రోడ్డు మీద గాలి వణికినట్టు వణుకుతోంది. ఇన్‌స్ట్రక్టర్ గారు పొడుగాటి కర్రకి న్యూస్‌పేపర్ కట్టి పైన పెట్టారు. భగ్గుమంది. తర్వాత గుప్పెడు ఉప్పు చల్లితే అప్పుడు పసుపుపచ్చగా కనపడింది మంట, మోకాలెత్తున. అప్పటిదాకా అది అక్కడే మండుతోంది.

సగం నీళ్లు కలిపితే మంట అంటుకోదనుకోకండి. మన వేసవి ఎండకి ఆ మిశ్రమం ఆవిరి కూడా అంటుకుంటుంది. డిక్కీలో ట్యాంకు, పక్కన పంపు, దానికి వైర్లు, మూత సరిగ్గా పడని చోట ఆవిరి. అదీ పరిస్థితి.

ఇంకొకటి, మిథైల్ ఆల్కహాల్ (మిథనాల్ ఇదే) కొనడానికి, నిల్వ పెట్టడానికి లైసెన్స్ నిబంధనలు ఉంటాయి, ముందు కనుక్కోండి. తెలిసినవాళ్ల దగ్గర క్యాన్‌లో పోయించుకుని తేవద్దు.

బెజవాడ_బూస్ట్ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2.02

అక్కా, మరి అమెరికాలో ఇండీ రేసు కార్లన్నీ ఏళ్ల తరబడి దాని మీదే పరిగెత్తాయి కదా? అంత డేంజర్ అయితే ఎలా వాడారు?

పరవాడ_సుజాత | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2.30

మంచి ప్రశ్న తమ్ముడూ. 1964 ఇండియానాపొలిస్ 500లో పెట్రోల్ మంటల్లో ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు. ఆ తర్వాతే మిథనాల్ వైపు వెళ్లారు. ఎందుకంటే ఆ మంటని నీళ్లతో ఆర్పొచ్చు, నల్లటి పొగ రాదు. అక్కడ బకెట్లతో నీళ్లు, శిక్షణ ఉన్న సిబ్బంది పక్కనే ఉంటారు. అయినా 1981లో అదే రేసులో డ్రైవర్ రిక్ మియర్స్ కారుకి పిట్‌లో ఇంధనం పోస్తుండగా అంటుకుంటే, ఆయన, సిబ్బంది కాలుతూ కొట్టుకుంటున్నారు గానీ మంట ఎవరికీ కనపడలేదు. పక్కవాళ్లకి ఏం జరుగుతోందో అర్థం కావడానికే విలువైన క్షణాలు పోయాయి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ సిబ్బంది ఉండరు కదా.

బెజవాడ_బూస్ట్ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2.41

అర్థమైంది అక్కా. రిక్ మియర్స్ వీడియో ఇప్పుడే చూశా. ఒళ్లు జలదరించింది.

ఎలహంక_మూర్తి | ఏప్రిల్ 12, సాయంత్రం 6.50

పిల్లలందరికీ ఆశీస్సులు. వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్‌గా పని చేసి రిటైరయ్యాను. నీళ్లు, మిథనాల్ మాట వినగానే చెయ్యి ఆగలేదు.

కాన్పూర్‌లో మన హెచ్ఏఎల్ కట్టిన ఆవ్రో విమానాలకి రోల్స్ రాయిస్ డార్ట్ ఇంజన్లు. మన దేశంలో తయారైన మొదటి ఆవ్రో 1961 నవంబర్‌లో ఎగిరింది. ఎండాకాలం గాలి పలచబడితే డార్ట్ ఇంజన్ శక్తి తగ్గుతుంది. అప్పుడు టేకాఫ్‌కి కంప్రెసర్‌లోకి వాటర్‌మెథ్ కొట్టేవాళ్లం. నీళ్లు గాలిని చిక్కబరుస్తాయి, నీళ్ల వల్ల తగ్గిన మంటని మిథనాల్ మండి భర్తీ చేస్తుంది. అదీ దాని కిటుకు. గమనించండి, అది చల్లటి రోజున ఉండే శక్తిని వేడి రోజున తిరిగి ఇవ్వడానికి. ఈ పిల్లవాడు అడుగుతున్నది కూడా సరిగ్గా అదే, నాకు సంతోషమనిపించింది.

మిథనాల్ డ్రమ్ములకి తాళం ఉండేది. ఎన్ని లీటర్లు వచ్చాయి, ఎన్ని పోశాం అని రిజిస్టర్‌లో సంతకం పెట్టాల్సిందే. ఎందుకో సుజాతమ్మ చెప్పింది.

విరాట్ నౌక మీద 2016 దాకా ఎగిరిన సీ హారియర్ యుద్ధ విమానాల ఇంజన్‌కి కూడా గాల్లో నిలబడేటప్పుడు నీళ్లు కొట్టేవారు. ట్యాంకు నిండా ఉన్నా ఒకటిన్నర నిమిషానికి అయిపోయేది. పైలట్ ఆ లెక్క వేసుకునే దిగాలి. నీళ్లున్నంతసేపే ఆ అదనపు బలం. అయిపోయాక ఏం చేస్తావన్నది ఎగరక ముందే తేల్చుకోవాలి.

గుంటూరు_గేర్ | ఏప్రిల్ 12, రాత్రి 9.15

మూర్తిగారు చివర అన్న మాట నాకు డబ్బులు పోశాక అర్థమైంది. ఎవరికీ జరగకూడదని రాస్తున్నా.

రెండేళ్ల కిందట కిట్ పెట్టించా. ట్యాంకు డిక్కీలో, కొంచెం ఎత్తులో బిగించారు. నాజిల్ థ్రాటిల్ దగ్గర, దానికంటే కిందికి. మధ్యలో సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) లేదు. పంపు ఆగితే నీళ్లూ ఆగుతాయి అన్నారు, నమ్మా. ఐడిల్‌లో ఇన్‌టేక్‌లో వాక్యూమ్ ఉంటుంది కదా, అది లాగుతుంది. బండి ఆపాక కూడా ఎత్తు వల్ల బొట్టు బొట్టుగా కారుతుంది. నెలన్నర ఏమీ తెలీలేదు, ట్యాంకు కొంచెం తొందరగా తగ్గుతోంది అనుకున్నానంతే.

ఒక సోమవారం పొద్దున ఆఫీసుకని స్టార్ట్ కొట్టా. 'టక్' అంది, స్టార్టర్ ఆగిపోయింది. బ్యాటరీ అనుకుని మళ్లీ కొట్టా. అదే నేను చేసిన పెద్ద తప్పు. రెండోసారి లోపల ఏదో ఒంగిన చప్పుడు. మెకానిక్ వచ్చి ప్లగ్గులు విప్పి క్రాంక్ తిప్పితే మూడో సిలిండర్ నుంచి నీళ్లు ఫౌంటెన్‌లా బానెట్ దాకా ఎగిరాయి. పెట్రోల్ ఆవిరి నొక్కుడు పడుతుంది, నీళ్లు పడవు కదా. హెడ్ దింపి చూస్తే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ ఒంగింది. టేబుల్ మీద మంచి రాడ్ పక్కన పెడితే మూడు మిల్లీమీటర్లు పొట్టి. ఆ రాడ్ ఇప్పటికీ నా షెల్ఫ్‌లో ఉంది.

ట్యాంకు కన్నా నాజిల్ కింద ఉంటే సోలినాయిడ్ లేకుండా పెట్టకండి. ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ ఒక్కటే సరిపోదు, చెత్త ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు.

మూడోల్యాప్ | ఏప్రిల్ 12, రాత్రి 9.48

అన్నా, చదువుతుంటేనే కడుపులో తిప్పింది. నాకు కొటేషన్ ఇచ్చిన లిస్టులో కూడా సోలినాయిడ్ లేదు. నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పే ఫ్లో సెన్సర్ కూడా లేదు.

మౌలాలి_మెకానిక్ | ఏప్రిల్ 12, రాత్రి 10.20

గుంటూరు తమ్ముడు మంచిగ చెప్పిండు. నా దగ్గరికి వచ్చిన బండ్లల్ల ఇంకో రోగం చూసిన. నాజిల్ మూసుకుపోవుడు. బోరు నీళ్లు పోస్తరు. మన దిక్కు బోరు నీళ్లల్ల ఎంత సున్నం ఉంటదో గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తది. నాజిల్ రంధ్రం వెంట్రుక సైజు. నెల రోజులకు తెల్లగ పెచ్చు కడ్తది. వాటర్ క్యాన్ నీళ్లు కూడా వద్దు. బ్యాటరీలల్ల పోసే డిస్టిల్డ్ వాటర్ పోయ్. ఏసీ నుంచి కారే నీళ్లు స్వచ్ఛం అంటరు కొందరు, అండ్ల దుమ్ము, పాచి ఉంటయ్, పోయకు.

లెక్కల_మాస్టారు | ఏప్రిల్ 13, ఉదయం 6.05

నాజిల్ మూసుకుపోతే ఏమవుతుందో ఆలోచించండి. నీళ్లున్నాయన్న ధైర్యంతో టైమింగ్ ముందుకి జరిపి, బూస్ట్ పెంచి ట్యూన్ చేశారు. ఒక ల్యాప్‌లో నీళ్లు ఆగాయి. ఈసీయూకి ఆ సంగతి తెలీదు. నాక్ సెన్సర్ పసిగట్టి వెనక్కి లాగేలోపే పిస్టన్ రింగ్ ల్యాండ్ (పిస్టన్ మీద రింగులు కూర్చునే అంచు) విరగొచ్చు. ఆ షాపు చెప్పిన 40 హార్స్‌పవర్ ఈ అప్పు మీద వచ్చేదే.

కాబట్టి నా అభిప్రాయం ఖచ్చితంగా చెప్తాను. ట్యూన్‌ని ముట్టుకోకండి. ఇప్పుడున్న ట్యూన్ నీళ్లు లేకుండా క్షేమంగా నడవాలి. నీళ్లు దాని మీద అదనపు రక్ష మాత్రమే. అప్పుడు పంపు పాడైనా, ట్యాంకు ఖాళీ అయినా మీరు మళ్లీ పాత మూడో ల్యాప్‌కి వస్తారు, అంతకంటే ఏం కాదు.

కంపెనీలు కూడా నీళ్లతోనే చేశాయి. 2016 బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌లో బాష్ వాళ్ల వ్యవస్థ ఉంది. డిక్కీలో 5 లీటర్ల ట్యాంకు, ఉత్త డిస్టిల్డ్ వాటర్, మూడు ఇంజెక్టర్లు. ఇంజన్ ఆపగానే పైపుల్లో మిగిలిన నీళ్లు వెనక్కి ట్యాంకులోకి వెళ్లిపోతాయి. ఒక్క చుక్క మిథనాల్ లేకుండా 500 హార్స్‌పవర్. మీ లెక్కకి సెకనుకి 1.6 గ్రాములంటే నిమిషానికి సుమారు 100 మిల్లీలీటర్ల నాజిల్. 5 లీటర్లు నిండు థ్రాటిల్‌లో 50 నిమిషాలు వస్తాయి.

డాలస్_సీను | ఏప్రిల్ 13, ఉదయం 9.30

మాస్టారి మాటే నా మాట. మీరు చెయ్యాల్సిన సంగతులు కొన్ని: నాజిల్ ఇంటర్‌కూలర్ తర్వాత, థ్రాటిల్‌కి కనీసం జానెడు ముందు ఉండాలి. గాలి కొలిచే సెన్సర్ మీద పడకూడదు. బూస్ట్ సగానికి వచ్చాకే స్ప్రే మొదలవ్వాలి, తక్కువ లోడ్‌లో కొడితే మిస్‌ఫైర్ అవుతుంది. ప్లగ్ గ్యాప్ కాస్త తగ్గించండి. ఫ్లో సెన్సర్‌కి డాష్‌బోర్డ్ మీద ఒక లైటు పెట్టించుకోండి.

ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సర్ నాజిల్‌కి దగ్గరగా ఉంటే నీళ్లు దాని మీదే పడి, తడి గుడ్డలా చల్లబడి తప్పుడు లెక్క చూపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి. టైమింగ్ ఎంత వెనక్కి పోతోందో అదే చూడండి.

మూడోల్యాప్ | మే 19, రాత్రి 11.05

ఆలస్యానికి క్షమించండి, చేశాక రాద్దామని ఆగాను.

ముందు బంపర్ ఇప్పించాను. మౌలాలి భాయ్, మీరు చూసినట్టే చెప్పారు. డక్ట్ లేదు. కూలర్ కింది మూడో వంతు ఎండిన మిడతలు, మట్టి. కడిగించి, అల్యూమినియం షీట్‌తో డక్ట్ చేయించి మొన్న మే మొదటి వారం ట్రాక్‌కి వెళ్లాను. ఎండ 40. మూడో ల్యాప్ చివర 65 డిగ్రీలు. టైమింగ్ లాగుడు 6 నుంచి 3.5కి వచ్చింది. ఇంకా ఒక్క చుక్క నీళ్లు పోయలేదు!

ఆ తర్వాతే కిట్. ఉత్త డిస్టిల్డ్ వాటర్, 100 మిల్లీలీటర్ల నాజిల్, సోలినాయిడ్, ఫ్లో సెన్సర్, లైటు. ట్యాంకు నాజిల్ కంటే కిందకి దింపించాను. ట్యూన్ ముట్టుకోలేదు. నిన్న మళ్లీ వెళ్లాను. మీటర్ 53 చూపించింది, సీనుగారు చెప్పారు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. టైమింగ్ లాగుడు ఎనిమిదో ల్యాప్‌లో కూడా 1 డిగ్రీ లోపే. తొమ్మిది ల్యాపులు ఒకేలా లాగింది.

మిథనాల్ కొనలేదు, కొనను. సుజాత గారికి ప్రత్యేకంగా నమస్కారం. మా పాప వయసు నాలుగేళ్లు.

పరవాడ_సుజాత | మే 20, ఉదయం 7.10

చాలా సంతోషం అండి.

మౌలాలి_మెకానిక్ | మే 20, ఉదయం 8.45

శభాష్ తమ్మీ. నీళ్ల పంపు ముంగట ఫిల్టర్ ఏసినవా?

మూడోల్యాప్ | మే 20, ఉదయం 8.52

లేదు భాయ్. నాజిల్ లోపల చిన్న జాలీ ఉంది, అంతే.

మౌలాలి_మెకానిక్ | మే 20, ఉదయం 8.58

అది చాలదు. ఆదివారం బండి తీసుకరా, ఏద్దాం.